పదిహేడో కిలోమీటరు దగ్గర

కైసా ఆ పరుగుకు ఒంటరిగా వెళ్దామనుకుంది. నవంబరులోనే పేరిచ్చింది, టొరంటోలో హోటల్ గది మాట్లాడుకుంది, తను పనిచేసే పళ్ల డాక్టరు దగ్గర సెలవు చెప్పి పెట్టుకుంది. ఇంట్లో మాత్రం చెప్పలేదు. నలభై ఒక్కేళ్లు వచ్చిన మనిషి, పెళ్లి చేసుకుని విడిపోయిన మనిషి, తన కాళ్లతో తాను ఇరవై ఒక్క కిలోమీటర్లు పరుగెత్తడానికి ఎవరికి చెప్పాలి? కానీ సడ్‌బరీ లాంటి చిన్న గని ఊళ్లో పొద్దున్నే ఎవరు ఏ రోడ్డు మీద పరుగెత్తుతున్నారో మధ్యాహ్నానికల్లా కాఫీ దుకాణంలో అందరికీ తెలిసిపోతుంది.

మార్చిలో తల్లి హెల్వీ ఫోన్ చేసింది.

"మీ నాన్న కూడా పేరిచ్చాడే."

"దేనికి?"

"నువ్వు వెళ్తున్నదానికే. జనవరిలోనే ఇచ్చాడట. నాకు నిన్న తెలిసింది, అదీ మంచం కింద కొత్త బూట్ల పెట్టె కనపడితే."

"ఆయన గుండె సంగతి?" అంది కైసా.

"డాక్టరు వద్దనలేదట. అడిగితే కదా వద్దనడానికి." హెల్వీ నిట్టూర్చింది. "నేను చెబితే వినే మనిషైతే నలభై నాలుగేళ్లలో ఎప్పుడో వినేవాడు. నువ్వు పక్కనే ఉంటావు కదా. మాత్రలు వేసుకునేలా చూడు, కాస్త కనిపెట్టి ఉండు. అంతకంటే నేనడిగేదేం లేదు."

కైసా తండ్రి తొయివో హక్కల ముప్పై ఒక్క ఏళ్లు నికెల్ గనిలో పనిచేశాడు. గని నుంచి పైకి వచ్చాక సాయంత్రాలూ, శనాదివారాలూ ఊళ్లో పిల్లల పరుగు క్లబ్బు నడిపాడు. ఒక్క పైసా తీసుకోలేదు. ఆయన తయారుచేసిన పిల్లల్లో నలుగురు యూనివర్సిటీ జట్ల దాకా వెళ్లారు. ఊళ్లో ఇప్పటికీ నడివయసు మగవాళ్లు రోడ్డు మీద ఆయన కనిపిస్తే చేతిలో సిగరెట్టు వెనక్కి దాచుకుంటారు. క్లబ్బులో అందరూ ఆయన్ని కోచ్ అనేవారు. కైసా కూడా అలాగే పిలవాల్సి వచ్చేది. మైదానంలో నాన్నా అని పిలిస్తే ఆయన పలికేవాడు కాదు.

తొమ్మిదో ఏట నుంచి పద్దెనిమిదో ఏట దాకా ఆమె ఆయన గొంతు చెప్పే అంకెల మధ్యే పెరిగింది. బాగా పరుగెత్తిన రోజు "ఇంకా ఉంది నీలో" అనేవాడు. బాగా పరుగెత్తని రోజు ఏమీ అనేవాడు కాదు. ఆ మౌనం కారులో ఇంటిదాకా వచ్చేది, అన్నం బల్ల దగ్గర కూర్చునేది, ఒక్కోసారి బుధవారం దాకా ఇల్లు వదిలేది కాదు.

పద్నాలుగో ఏట, ప్రావిన్సు స్థాయి పోటీలో, అడవి దారిలో ముగింపు గీతకు మూడు వందల మీటర్ల ఇవతల వేరు తగిలి పడిపోయింది. చీలమండ విరిగిన చప్పుడు ఆమెకే వినిపించింది. చేతిలో స్టాప్‌వాచ్‌తో తొయివో పరుగున వచ్చాడు. వంగి చూశాడు.

"లేస్తావా?"

"లేవలేను."

"సరే," అన్నాడు. వెనక క్లబ్బు పిల్లలు ఇంకా ఇద్దరు వస్తున్నారు. వాళ్ల టైము తీసుకోవాలి. ఆయన గీత దగ్గరికి వెళ్లిపోయాడు. వేరే బడి టీచరు ఎవరో ఆమెను భుజాన వేసుకుని మోసుకెళ్లింది.

ఆ తర్వాత ఆ సంగతి ఆయన ఒక్కసారే ఎత్తాడు, కైసా పెళ్లి విందులో, మైకు పట్టుకుని. "మా అమ్మాయి ఒకసారి పోటీ మధ్యలో పడుకుని విశ్రాంతి తీసుకుంది," అన్నాడు. జనం నవ్వారు. పెళ్లికూతురు కాబట్టి కైసా కూడా నవ్వింది. హెల్వీ మాత్రం తన పళ్లెంలోకి చూస్తూ కూర్చుంది.

ఇల్లు విడిచిన రోజే కైసా పరుగు మానేసింది. పంతొమ్మిదేళ్లు బూట్లు ముట్టుకోలేదు. విడాకులయ్యాక, ముప్పై ఏడో ఏట, ఒక ఆదివారం ఊరికే బయల్దేరింది. పక్కన అంకెలు చెప్పే గొంతు లేకపోతే పరుగు బాగానే ఉంటుందని అప్పుడు తెలిసింది. నాలుగేళ్లుగా ఆ సుఖాన్ని ఎవరి కంటా పడకుండా కాపాడుకుంటూ వచ్చింది.

మే నెల మొదటి శనివారం పొద్దున ఆమె తండ్రిని తీసుకెళ్లడానికి వచ్చింది. చెరువులో మంచు కరిగి వారమే అయింది. ఆవిరి స్నానాల కొట్టం వెనక నల్లబడిన మంచు కుప్ప ఇంకా ఉంది. తొయివో అప్పటికే కారు పక్కన నిలబడి ఉన్నాడు, సంచి భుజాన వేసుకుని. అరవై ఏడేళ్లకు కూడా నిటారుగా, సన్నగా, ఎండిన దుంగలా ఉంటాడు. హెల్వీ ఏలకుల రొట్టె గుడ్డలో చుట్టి తెచ్చింది. కిటికీలోంచి మాత్రల డబ్బా కూతురి చేతిలో పెట్టింది.

"రాత్రి ఒకటి, పొద్దున ఒకటి."

"అది దాని చేతికెందుకు? నేనేమన్నా పసిపిల్లాణ్ణా?" అన్నాడు తొయివో.

"కాదు. పసిపిల్లలు మాట వింటారు," అంది హెల్వీ.

దక్షిణంగా నాలుగు గంటల దారి. రాళ్లగుట్టలూ, పైన్ చెట్లూ, నీళ్లూ. పారీ సౌండ్ దాటాక తొయివో జేబులోంచి ఒక కాగితం తీసి విప్పాడు. ఇరవై ఒక్క వరుసలు, ప్రతి వరుసలో ఒక అంకె.

"గంటా నలభై ఐదు నిమిషాలు. అంటే కిలోమీటరుకి నాలుగు యాభై ఎనిమిది. నేను పక్కనే ఉంటాను. నువ్వు ఆలోచించక్కర్లేదు. ఆలోచించడం నా పని, కాళ్లాడించడం నీ పని."

"నేను ఒక్కదాన్నే పరిగెత్తాలనుకున్నాను నాన్నా."

"ఒక్కదానివే పరిగెత్తి ఏం పొడిచావు? ఒకటీ నలభై తొమ్మిది." ఆయన కాగితం మడిచాడు. "పోయిన సెప్టెంబరు, నార్త్ బేలో. ఇంటర్నెట్‌లో పెట్టారు. పన్నెండు దాటాక చతికిలపడ్డావు."

కైసా స్టీరింగు గట్టిగా పట్టుకుంది. ఆ పరుగు సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. తండ్రి తన కోసం వెతికాడన్నది మొదట అర్థమైంది, వెతికి తప్పు పట్టాడన్నది తర్వాత అర్థమైంది. మొదటి దానికి ఒక్క క్షణం సంతోషపడినందుకు ఆమెకు తన మీదే కోపం వచ్చింది.

టొరంటోలో చలి లేదు. యూనివర్సిటీ రోడ్డు మధ్య ట్యులిప్ పూలు విచ్చుకుని ఉన్నాయి, జనం చొక్కా చేతులు మడిచి తిరుగుతున్నారు. "రేపు ఎండ కాస్తుంది," అన్నాడు తొయివో, ఎండ కూడా క్లబ్బుకు ఆలస్యంగా వచ్చిన పిల్లాడైనట్టు. నంబరు కాగితాలు తెచ్చుకున్నారు. సాయంత్రం ఐదింటికే ఒక ఇటాలియన్ హోటల్లో కూర్చుని సేమ్యాలాంటి స్పగెట్టీ తిన్నారు. ఆయన దాంట్లో సాసు వద్దన్నాడు, జున్ను వద్దన్నాడు.

"ఉప్పు ఉండొచ్చాండీ?" అని అడిగాడు వడ్డించేవాడు, మొహం మామూలుగా పెట్టి.

"ఉండొచ్చు," అన్నాడు తొయివో అంతే మామూలుగా.

కైసాకు నవ్వొచ్చింది. ఆయన కూడా ఆమె వైపు చూసి పెదవి చివర కదిలించాడు. తర్వాత చాలాకాలం ఆ ప్రయాణం తలుచుకున్నప్పుడల్లా ఆమెకు ముందు గుర్తొచ్చేది ఈ సంగతే. గుర్తొచ్చినందుకు బాధపడేది.

పొద్దున ఐదున్నరకు ఆమె మాత్రా, గ్లాసుతో నీళ్లూ తెచ్చి మంచం పక్కన పెట్టింది. ఆయన బూట్ల తాళ్లు కట్టుకుంటూ తలెత్తకుండానే, "తీసుకెళ్లు," అన్నాడు.

"అమ్మ వెయ్యమంది."

"అవి వేసుకుంటే కాళ్లు బరువెక్కుతాయి. రాత్రి నువ్విచ్చింది కూడా మింగలేదు. ఒక్క పూటకి ఏం కాదు."

ఇంకోసారి చెప్పొచ్చు. నువ్వు వేసుకోకపోతే నేను కదలనని కుర్చీలో కూర్చోవచ్చు. ఆయనతో వాదం ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు, ఇంకో రెండు గంటల్లో పరుగు. "సరే, నీ ఇష్టం," అంది. మాత్ర డబ్బాలో వేసి మూత పెట్టింది.

ఏడున్నరకు వేల మంది మధ్య నిలబడ్డారు. కైసా పసుపు టోపీ పెట్టుకుంది. తొయివో క్లబ్బు వాళ్ల పాత నీలం బనీను వేసుకున్నాడు, ఉతికి ఉతికి రంగు పోయినది. పక్కన ఎవరో అమ్మాయి, "తండ్రీ కూతుళ్లు కలిసి పరిగెత్తుతున్నారా? ఎంత ముచ్చటగా ఉందో," అంది. "కబుర్లు చెప్పి ఊపిరి పాడుచేసుకోకు," అన్నాడు తొయివో. ఆ మాట ఎవరితో అన్నాడో ఆ అమ్మాయికి అర్థం కాలేదు.

మొదటి కిలోమీటరుకి ఆయన గొంతు మొదలైంది.

"నాలుగు యాభై నాలుగు. తొందరెక్కువైంది. తగ్గు."

రెండోదానికి, "నాలుగు యాభై తొమ్మిది. నిద్రపోతున్నావా?"

ఐదోదానికి, "మోచేతులు దగ్గరికి. కోడి రెక్కలు విదిలించినట్టు ఏంటది?"

చుట్టుపక్కల పరుగెత్తేవాళ్లు కొందరు వెనక్కి తిరిగి చూశారు, ఇద్దరు నవ్వుకుంటూ వేగం పెంచి దూరంగా వెళ్లారు. కైసా ముందుకే చూస్తూ పరుగెత్తింది. తొమ్మిదేళ్ల పిల్ల ఒకతె ఆమె లోపల మళ్లీ లేచి, ఆ గొంతు ఏమంటుందో అని చెవులు రిక్కించి వింటోంది. దాన్ని ఎప్పుడో చంపేశాననుకుంది.

కానీ సరస్సు ఒడ్డుకు చేరాక, పన్నెండు దాటాక, ఆమె చతికిలపడలేదు. నీళ్ల మీంచి చల్లటి గాలి వచ్చింది. ఆయన అడుగూ తన అడుగూ ఒకేసారి పడుతున్నాయని గమనించింది. పద్నాలుగు దగ్గర ఆయన నీళ్ల గ్లాసు అందుకుని, సగం తాగి, అడక్కుండానే ఆమెకిచ్చాడు. "నాలుగు యాభై ఏడు," అన్నాడు. ఇంకేమీ అనలేదు. ఇలా ఇంటిదాకా పరుగెత్తగలను అనిపించింది కైసాకు.

పదహారు దగ్గర "నాలుగు..." అని ఆగిపోయాడు.

ఆమె పక్కకు చూసింది. ఆయన మొహం పిండి రంగులోకి మారింది. పెదవులు నీలంగా ఉన్నాయి. నోరు తెరుచుకుని ఉంది కానీ ఊపిరి చప్పుడు అడుగుతో కలవడం లేదు.

"నాన్నా?"

"ముందుకి చూడు."

ఇంకో కిలోమీటరు ఆయన ఏ అంకే చెప్పలేదు. పదిహేడో రాయి దాటగానే ఒక్కసారిగా పక్కకు వెళ్లాడు, ఇనుప కంచె పట్టుకున్నాడు, కాలిబాట అంచున కూర్చున్నాడు, కూర్చున్నవాడు మెల్లగా పక్కకు ఒరిగాడు.

కైసా ఆగింది. ఆయనకు రెండు మూడు అడుగుల దూరంలో నిలబడింది. చేతి గడియారం నడుస్తూనే ఉంది. తొయివో కళ్లు తెరిచి ఉన్నాయి. ఎడమ చెయ్యి కొంచెం పైకెత్తాడు. పొమ్మంటున్నాడా, రమ్మంటున్నాడా? ఆమెకు తెలియలేదు. ఆ క్షణంలో అడవి దారీ, వేరూ, స్టాప్‌వాచ్ పట్టుకుని వంగిన మొహమూ ఆమె కళ్ల ముందుకు రాలేదు. వచ్చాయని తర్వాత తనకు తాను చాలాసార్లు చెప్పుకుంది. నిజానికి వచ్చింది ఒక్క మాటే: సరే.

ఆరు సెకన్లు నిలబడి ఆమె పరుగు అందుకుంది.

నూరు గజాల ముందు నీళ్ల బల్ల ఉంది. అక్కడ చెబుదాం అనుకుంది. బల్ల దగ్గర కాలేజీ అమ్మాయి ఒకతె గ్లాసు చాపింది. కైసా గ్లాసు తీసుకుంటూ, "వెనక... ఒకాయన..." అంది. ఊపిరి చాల్లేదు. అమ్మాయి చప్పట్లు కొడుతూ, "అంతే, అంతే, బాగా వెళ్తున్నారు," అంది. ఆగి చెప్పాలి. వేలితో చూపించి చెప్పాలి. కైసా రెండోసారి చెప్పలేదు.

పద్దెనిమిదో కిలోమీటరు నాలుగు నిమిషాల నలభై తొమ్మిదిలో పరుగెత్తింది. మళ్లీ మొదలుపెట్టాక ఎప్పుడూ అంత వేగంగా పరుగెత్తలేదు. కాళ్ల నొప్పి లేదు, భయం లేదు. పడిపోయినవాడికి కింద నుంచి చూస్తే వెళ్లిపోయేవాళ్ల మడమలు ఎలా కనిపిస్తాయో ఆయనకు ఇప్పుడు తెలుస్తుంది అనుకుంది. ఇరవై ఏడేళ్లకు తెలుస్తుంది. ఆ ఆలోచన ఇరవయ్యో కిలోమీటరు దాకా ఆమెను మోసింది. అంత వేగంగా వచ్చినందుకు అక్కడ ఊపిరి ఆడక వేగం పడిపోయింది. చివరి కిలోమీటరు దాదాపు ఏడుస్తూ పరుగెత్తింది.

గీత దాటేసరికి ఒక గంట నలభై ఐదు నిమిషాల మూడు సెకన్లు.

ఎవరో మెడలో పతకం వేశారు. ఇంకెవరో అరటిపండు చేతిలో పెట్టారు. ఆ పండు పక్కన పడేసి ఆమె వెనక్కి తిరిగింది. కనపడిన ప్రతి నారింజ రంగు చొక్కా వలంటీరునీ పట్టుకుని అడగడం మొదలుపెట్టింది. నీలం బనీను, పొడుగ్గా, తెల్లజుట్టు, పడిపోయాడు, పదిహేడు దగ్గర. చివరికి ఒకతను వైర్‌లెస్‌లో మాట్లాడి వైద్యం చేసే డేరా వైపు చూపించాడు.

తొయివో మడత మంచం మీద పడుకుని ఉన్నాడు. చేతికి సెలైన్, ఛాతీ మీద వైర్లు. మొహంలోకి రంగు వచ్చింది. మంచం పక్కన ఉన్న చిన్న వయసు డాక్టరమ్మ కైసాను చూసి, "మీరు ఆయన బంధువులా?" అంది.

"కూతుర్ని."

"గుండె లయ తప్పింది. ఇప్పుడు సర్దుకుంది. ఆస్పత్రికి వెళ్లమంటే వినడం లేదు, సంతకం పెడతానంటున్నారు. మాత్రలు ఎందుకు వేసుకోలేదో మీకేమైనా తెలుసా?"

"తెలీదు," అంది కైసా.

డాక్టరమ్మ పక్క మంచానికి వెళ్లింది. కైసా తండ్రి దగ్గర నిలబడింది. ఆయన ఏమంటాడో వినడానికి ఆమె సిద్ధంగా ఉంది. తిట్టొచ్చు. ఆ పాత మౌనంతో మొహం తిప్పుకోవచ్చు. ఎందుకు వదిలేసి పోయావని అడగొచ్చు. అడిగితే చెప్పడానికి ఆమె దగ్గర ఇరవై ఏడేళ్ల నాటి జవాబు ఉంది.

"ఎంత?" అన్నాడు తొయివో.

"ఏంటి?"

"టైమే. ఎంత?"

"ఒకటీ నలభై ఐదూ మూడు సెకన్లు."

ఆయన పైన డేరా గుడ్డ వైపు చూస్తూ పెదవులు కదిపాడు. లెక్క వేస్తున్నాడు. "పదహారు దగ్గర మనకి పదిహేను సెకన్లు మిగులున్నాయి. అవీ, పైన ఈ మూడూ ఎక్కడ పోయాయి?"

"నీ దగ్గర ఆగాను."

"ఎంతసేపు?"

"ఆరు సెకన్లు."

"ఎందుకు?" అన్నాడు.

అందులో వెటకారం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. చెయ్యి చాచి, ఆమె మెడలోని పతకాన్ని వేళ్లతో పట్టుకుని బరువు చూశాడు.

"అయినా పర్లేదు. పరిగెత్తడం వచ్చింది నీకు. నేను ఇంక రాదేమో అనుకున్నా." పతకం వదిలాడు. "ఇవాళ బాగా చేశావు కైసా."

తొమ్మిదో ఏట నుంచి ఆమె ఎదురుచూసిన మాట అది. అలాంటి మాట వింటే ఎలా ఉంటుందో రాత్రుళ్లు దుప్పటి కింద ఊహించుకునేది. ఇప్పుడు అది వచ్చి పడింది, తీసుకోవడానికి చెయ్యి రాలేదు.

అంతలో డేరా గుడ్డ తొలగించుకుని ఒకావిడ లోపలికి వచ్చింది. యాభై ఏళ్లుంటాయి, పొట్టిగా, గుండ్రంగా, చెమటతో తడిసి ఉంది. ఫిలిప్పీన్స్ మనిషి. మెడలో ఆమెకూ పతకం ఉంది.

"ఉన్నారా పెద్దాయనా? నా పరుగు పాడుచేసి మీరిక్కడ హాయిగా పడుకున్నారా?" అంటూ వచ్చి మంచం అంచున చెయ్యి వేసింది. కైసాతో, "నా పేరు మారిసెల్. సైకిల్ మీద డాక్టర్లు వచ్చేదాకా నేనే కూర్చున్నా ఈయన దగ్గర," అంది. "పదిహేను నిమిషాలు. ఈసారి ఎలాగైనా గంటా నలభై ఐదులో పూర్తి చేస్తానని మా బడి వంటింట్లో అందరితో పందెం కాశా. ఇంక వాళ్లు నన్ను బతకనివ్వరు." నవ్వింది. "పోన్లెండి. మనిషి దక్కాడు."

"చాలా... మీకు ఎలా..." అంది కైసా.

"మనుషులు ఎలా తయారయ్యారో చూడండి," మారిసెల్ చెప్పుకుపోతూనే ఉంది. "నాకు కాస్త ముందు ఒకావిడ ఆగింది. హమ్మయ్య, ఎవరో చూసుకుంటున్నారులే అనుకున్నా. నిలబడి చూసింది, చూసి వెళ్లిపోయింది. కుక్క పడిపోయినా అలా పోం కదా. పసుపు టోపీ..."

కైసా చేతిలో పసుపు టోపీ ఉంది.

"ఆవిడే ఈవిడ," అన్నాడు తొయివో. దిండు మీద తల కొంచెం ఎత్తాడు. "నా కూతురు."

క్లబ్బు పిల్లలు పతకం తెచ్చినప్పుడు పత్రిక వాళ్ల ముందు ఆ పిల్లల భుజం మీద చెయ్యి వేసి చెప్పే గొంతు అది. కైసా కోసం ఆ గొంతు ఆయన ఎప్పుడూ వాడలేదు.

మారిసెల్ ఆయన్ని చూసింది, ఆమెను చూసింది. "అలాగా," అంది చివరికి. దుప్పటి ఆయన కాళ్ల మీదికి లాగి సర్దింది. "జాగ్రత్త పెద్దాయనా." బయటికి నడిచింది.

కైసా వెనకాలే వెళ్లింది. డేరా బయట ఎండ కొడుతోంది.

"ఒక్క మాటండీ. మీకు థాంక్స్ చెప్పాలి."

మారిసెల్ ఆగింది. "నాకెందుకమ్మా," అంది. కోపంగా అనలేదు, తొందరగా వెళ్లిపోవాలన్నట్టు అంది. రెండడుగులు వేసి మళ్లీ వెనక్కి తిరిగింది. "నా చెయ్యి పట్టుకుని వదల్లేదు ఆయన. వేళ్లు ఇంకా నొప్పిగానే ఉన్నాయి. ఏదో పేరు అంటూనే ఉన్నారు. కై... కైలా అనా? మీ పేరేంటి?"

"కైసా."

"అదేనేమో. నాకు సరిగ్గా వినపడలేదు."

ఆమె జనంలో కలిసిపోయింది. కైసా ఆ ఎండలో చాలాసేపు నిలబడింది. లోపలికి వెళ్లేటప్పటికి తొయివో నర్సుకు కూతురి టైము చెబుతున్నాడు.

మధ్యాహ్నం రెండింటికి కాగితాల మీద సంతకం పెట్టి బయల్దేరారు. ఆయన ఏలకుల రొట్టె సగం తిన్నాడు. నగరం దాటేదాకా ఉత్సాహంగా మాట్లాడాడు, శరదృతువులో ఇంకో పోటీ ఉందనీ, జూన్‌లో కొండ ఎక్కే పరుగులు మొదలుపెట్టాలనీ. బ్యారీ దాటాక కైసా అడిగింది.

"పడిపోయినప్పుడు చెయ్యెత్తావు. పొమ్మనా, రమ్మనా?"

"ఎప్పుడు?"

"నేను నిలబడ్డప్పుడు."

"గడియారం ఆపుకుంటున్నా," అన్నాడు. "పరుగు అయిపోయింది కదా నాకు."

ఇంకో పది కిలోమీటర్లు పోయాక మళ్లీ అడిగింది. "నా పేరు పిలిచావట."

"ఎవరు చెప్పారు? ఆ వంటావిడా?" కిటికీ వైపు తిరిగాడు. "ఆవిడకేం వినపడుతుంది, ఒకటే వాగుడు. నీ టైము ఎంతొస్తుందో చూసుకుంటున్నా, అంతే. అలా ప్రతివాడి కోసం ఆగేవాళ్లు ఎక్కడికీ చేరరు."

"ఆవిడ ఆగకపోతే నువ్వు ఇవాళ ఈ కారులో ఉండేవాడివి కాదు."

"ఉన్నాగా," అన్నాడు.

ఆయన చేతులు ఒళ్లో ఉన్నాయి. కుడి చేతి వేళ్లు సన్నగా వణుకుతున్నాయి. కైసా చూసిందని గమనించి ఆ చేతిని తొడ కింద పెట్టుకున్నాడు. భయపడ్డానని ఒక్క మాట అంటే చాలు, కారు పక్కకు ఆపి ఆయన కాళ్ల మీద పడిపోయేది. ఆయన అనలేదు. పారీ సౌండ్ వచ్చేసరికి నోరు తెరుచుకుని నిద్రపోయాడు.

ఇల్లు చేరేసరికి ఆరున్నర. ఇంకా వెలుగుంది. హెల్వీ కారు చప్పుడు విని మెట్ల మీదికి వచ్చింది. తొయివో ఆమె దగ్గర ఆగకుండానే, "గొప్పగా పరిగెత్తింది," అంటూ లోపలికి నడిచాడు, మెట్ల పక్క కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టూ చూసుకుంటూ.

హెల్వీ ఆయన వీపు వైపు చూసింది. మడిచిన చొక్కా చేతి కింద మోచేతి వంపులో దూది అంటించిన పట్టీ ఉంది. కూతురి వైపు తిరిగింది.

"అదేంటి?"

కైసా జేబులోంచి మాత్రల డబ్బా తీసి తల్లి చేతిలో పెట్టింది. హెల్వీ మూత తీసి లెక్క చూసింది.

"పదిహేడో కిలోమీటరు దగ్గర పడిపోయాడమ్మా. ఎవరో ఆవిడ కూర్చుంది దగ్గర. నేను ఆగలేదు."

హెల్వీకి మొదట అర్థం కానట్టుంది. "చూడలేదా నువ్వు?"

"చూశాను."

లోపల తొయివో ఎవరికో ఫోన్ చేసి బిగ్గరగా చెబుతున్నాడు. "లేదు లేదు, ఆగలేదు. నేను నేల మీద ఉన్నా, అయినా ఆగలేదు. అదే నేను చెప్పేది." నవ్వుతున్నాడు.

హెల్వీ మూత బిగించింది. పెళ్లి విందులో పళ్లెంలోకి చూసినట్టే డబ్బా వైపు చూసింది.

"నువ్వు కూడానా," అంది.

ఆ మాటలో కోపం లేదు, అలిసిపోయిన గొంతు అంతే. ఆమె లోపలికి వెళ్లింది. భోంచేసి వెళ్లమని అనలేదు. కైసా కారులో కూర్చుని కాసేపు తాళం తిప్పలేదు. వంటింటి కిటికీలో తల్లి గ్లాసుతో నీళ్లు తీసుకుని ఆయన దగ్గరికి వెళ్లడం, ఆయన ఫోన్ చెవి నుంచి తియ్యకుండానే మాత్ర నోట్లో వేసుకోవడం కనిపించాయి.

ఆ వేసవిలో తొయివో ఆ కథను కాఫీ దుకాణంలో చెప్పాడు, క్లబ్బు వార్షిక సమావేశంలో చెప్పాడు, ఆస్పత్రిలో గుండె డాక్టరుకు కూడా చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు, కొందరు తల దించుకున్నారు. శరదృతువు పోటీకి ఇద్దరి పేర్లూ ఇస్తానన్నప్పుడు కైసా మోకాలు నొప్పి అంది. ఆయన నమ్మలేదు, ఆమె నమ్మించడానికి చూడలేదు. ఆదివారాలు ఒక్కతే పరుగెత్తడానికి రెండు మూడుసార్లు ప్రయత్నించింది. కిలోమీటరు కూడా పోకముందే వెనక ఎవరో పడినట్టు అనిపించి ఆగేది. తిరిగి చూస్తే రోడ్డు ఖాళీగా ఉండేది. ఆగస్టులో బూట్లు ఊళ్లోని పాత సామాన్ల దుకాణానికి ఇచ్చేసింది.